పాపకి ఉబ్బసం, ఇంట్లో కుక్క: పంపెయ్యాలా, ఉంచుకోవచ్చా?

కోట జంక్షన్ (విజయనగరం):

అందరికీ నమస్కారమండి. మాది విజయనగరం, అయ్యకోనేరు వైపు, కింద వాటా. పాపకి 8 ఏళ్లు, 22 కిలోలు. ఉబ్బసం అని రెండేళ్ల కిందట డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు వారంలో మూడు నాలుగు రాత్రులు దగ్గుతో లేస్తోంది, తెల్లవారుజామున పిల్లికూతలు వినబడుతున్నాయి. ఇంట్లో నాటు కుక్క ఉంది. రాత్రి పాప మంచం కిందే పడుకుంటుంది.

మొన్న సిరిమాను పండక్కి చుట్టాలొచ్చారని అటక మీంచి బొంతలు, పాత తలగడలు దింపాం. ఆ రాత్రే బాగా ఆయాసం వచ్చి ఆసుపత్రిలో నెబులైజర్ (మందుని పొగమంచులా చేసి పీల్పించే మిషను) పెట్టించాల్సొచ్చింది. అప్పట్నించి మా అత్తగారు కుక్కని గుర్లలో తెలిసినవాళ్లకి ఇచ్చెయ్యమంటున్నారు. పాప ససేమిరా అంటోంది.

సాల్‌బుటమాల్ పంపు (నోట్లోకి కొట్టి పీల్చే మందు, ఇన్‌హేలర్) అవసరమైనప్పుడు వాడుతున్నాం. రోజూ కొట్టమని బుడెసొనైడ్ పంపు కూడా రాశారు గానీ, అలవాటైపోతుందని అందరూ భయపెడితే రెండు వారాలు వాడి ఆపేశాం. రాత్రి ఉబ్బసానికే మాంటెలుకాస్ట్ అనే మాత్ర వేస్తున్నాం. దోమలకి రోజూ కాయిల్. పాప గదిలో ఉత్తరం గోడకి నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకూ చెమ్మ.

కుక్కే కారణమని ఎలా తెలుస్తుంది? ఉంచుకోవాలంటే ఏటి చెయ్యాలి? గాలి శుభ్రం చేసే మిషను కొంటే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.


నాగావళి గట్టు:

అమ్మా, కుక్క సంగతి తర్వాత. ముందు ఆపేసిన ఆ బుడెసొనైడ్ సంగతి చూడాలి.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది, పిల్ల హాయిగా ఆడుకుంటున్న రోజున కూడా. ఆ వాచిన గొట్టానికి పొగో, దుమ్మో, జలుబో తగిలితే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. సాల్‌బుటమాల్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది. అయిదు నిమిషాల్లో తెలుస్తుంది, నాలుగైదు గంటల్లో దాని పని అయిపోతుంది. వాపు జోలికి అది వెళ్లదు. వాపుని తగ్గించేది బుడెసొనైడ్, అది పీల్చే స్టెరాయిడ్. అది కొట్టిన రోజు ఏ తేడా తెలియదు, వారం రెండు వారాలకి మొదలవుతుంది, పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే మీరు సరిగ్గా పని మొదలయ్యే వేళకి ఆపేశారు.

అలవాటు మాట: ఈ మందుకి ఒళ్లు బానిస కాదు. ఆపితే మళ్లీ ఆయాసం వస్తోందంటే జబ్బు ఇంకా ఉందని. ఎత్తు విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. పీల్చే స్టెరాయిడ్ రోజూ వాడే పిల్లల్లో ఎదుగుదల మొదటి సంవత్సరం కాస్త తగ్గుతుంది, పెద్దయ్యాక చూస్తే ఆ తేడా సుమారు ఒక సెంటీమీటరు. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలని తగ్గిస్తుంది, పైగా మాటిమాటికీ ఆసుపత్రిలో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలూ ఇంజెక్షన్లూ మిల్లీగ్రాముల్లో ఉంటాయి. పంపులో ఉండేది మైక్రోగ్రాముల్లో.

గత నాలుగు వారాల మీద నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పగటిపూట వారానికి రెండుసార్లకి మించి ఇబ్బంది ఉందా? ఒక్క రాత్రయినా ఉబ్బసం వల్ల లేచిందా? సాల్‌బుటమాల్ వారానికి రెండుసార్లకి మించి కావాల్సి వచ్చిందా? ఆటలు తగ్గించుకుందా? ఒకటి రెండింటికి అవునంటే అదుపు సగమే ఉన్నట్టు, మూడు నాలుగైతే అసలు లేనట్టు. ఈ జవాబులు కాగితం మీద రాసుకుని ఈ వారంలోనే డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. "రెండు వారాలు వాడి ఆపేశాం" అని దాచకుండా చెప్పండి. అది చెప్పకపోతే మందు పని చెయ్యలేదనుకుని ఇంకా పెద్ద మందు రాస్తారు.

పంపు నేరుగా నోట్లో కొడుతున్నారా? అలా అయితే మందులో ఎక్కువ భాగం గొంతు వెనక అంటుకుని పోతుంది. స్పేసర్ (పంపుకీ నోటికీ మధ్య తగిలించే ప్లాస్టిక్ డొల్ల గొట్టం) తప్పనిసరి. 8 ఏళ్ల పిల్లకి మాస్కు అక్కర్లేదు, నోటి గొట్టం చాలు. పంపు బాగా ఆడించి స్పేసర్‌కి తగిలించాలి. పాప నిటారుగా కూర్చుని గొట్టం చుట్టూ పెదాలు బిగించాలి. ఒక్కసారే నొక్కి, మామూలుగా అయిదారు సార్లు లోపలికీ బయటికీ ఊపిరి తీయించాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఆడించి, రెండోది. రెండు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేస్తే కణాలు ఒకదానికొకటి అంటుకుని, గోడలకి పట్టేసి, లోపలికి వెళ్లేది తగ్గిపోతుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. బుడెసొనైడ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించండి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. పళ్లు తోముకునే ముందు పంపు పెట్టుకుంటే పుక్కిలించడం దానంతటదే జరిగిపోతుంది, మర్చిపోవడమూ ఉండదు.

స్పేసర్‌ని నెలకోసారి గిన్నెలు కడిగే ద్రావకం కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. కొత్తది కూడా వాడే ముందు ఇలాగే. గుడ్డ పెట్టి తుడిస్తే ప్లాస్టిక్కుకి విద్యుదావేశం పుట్టి మందంతా గోడకే అంటుకుంటుంది.

పంపులో ఎన్ని పఫ్‌లున్నాయో డబ్బా మీద ఉంటుంది, 120 గానీ 200 గానీ. 120 ఉన్న డబ్బాలోంచి రోజుకి 4 కొడితే 30 రోజులు. మొదలుపెట్టిన తేదీ స్కెచ్ పెన్‌తో డబ్బా మీదే రాసెయ్యండి. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా అని చూసే పద్ధతిని నమ్మొద్దు. మందు అయిపోయాక కూడా గ్యాసు కొడుతూనే ఉంటుంది, చప్పుడు విని ఉందనుకుంటాం. పైన ప్లాస్టిక్ రంగు చూసి కూడా పోల్చుకోవద్దు, కంపెనీని బట్టి రంగు మారుతుంది. పేరు చదవండి.

మాంటెలుకాస్ట్ వేస్తున్న పిల్లలో పీడకలలు, చిరాకు, నిద్ర చెదరడం, దిగులు కనబడితే వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఈ మందు మీద అమెరికా ఔషధ సంస్థ 2020లో తన అత్యంత గట్టి హెచ్చరిక వేసింది ఇందుకే. అందరికీ రాదు, వచ్చినప్పుడు మాత్రం తల్లిదండ్రులు దాన్ని మందుతో ముడిపెట్టుకోరు.

ఇక పరీక్ష. కుక్కో కాదో తేల్చేది చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు. ముంజేతి మీద ఒక్కో అలర్జీ పదార్థం చుక్క వేసి సూదిమొనతో పైపైన గుచ్చి, 15-20 నిమిషాలకి దద్దురు కొలుస్తారు. ఉప్పునీటి చుక్క దగ్గర వచ్చినదానికంటే 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్. దీనికి ముందు దాదాపు ఏడు రోజులు సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ జాతి మందులు (తుమ్ములకీ దురదకీ వేసే అలర్జీ మాత్రలు) ఆపాలి. ఇక్కడో మెలిక ఉంది: మాంటెలుకాస్ట్ పేరుతో ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో లెవోసెట్రిజిన్ కలిసే ఉంటుంది. అది తెలియక వేసుకుని వెళితే పరీక్షలో ఏమీ లేదనే వస్తుంది. మీ మాత్ర అట్ట వెనక చదవండి. పీల్చే మందులు మాత్రం ఆపొద్దు. చర్మం పరీక్ష కుదరకపోతే రక్తంలో ఫలానా పదార్థానికి ఐజీఈ (అలర్జీలో ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) అని విడివిడిగా చూస్తారు. మొత్తం ఐజీఈ ఒక్కటే చూసి అలర్జీ అని తేల్చలేం, కడుపులో పాములున్నా అది పెరుగుతుంది. వందల ఆహారాలకి ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) అంటూ అమ్మే పెద్ద ప్యాకేజీలకి డబ్బు పొయ్యొద్దు, అవి అలర్జీని చెప్పవు.

ఇంకొకటి: పాజిటివ్ వచ్చినంత మాత్రాన అదే కారణమని కాదు. పరీక్షా, ఇంట్లో కనబడే లక్షణాలూ రెండూ కలవాలి.


బొబ్బిలి వీణ:

పైన చెప్పినదానికి ఇల్లు సంగతి కలుపుతాను.

మీ ప్రశ్నలోనే ఒక ఆనవాలు ఉంది. కుక్క మంచం కింద రోజూ ఉంది. అటక మీంచి బొంతలు దింపిన రాత్రి ఆసుపత్రి. ఒక్క రాత్రిని బట్టి తీర్పు చెప్పలేం గానీ, ముందు అనుమానించాల్సింది దుమ్ము పురుగుల్ని. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, కంటికి కనబడవు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. నీళ్లు తాగవు, గాలిలో తేమనే పీల్చుకుంటాయి. గాలి తేమ 50 శాతం లోపుంటే ఎండి చస్తాయి, 70-80 శాతంలో పెరుగుతాయి. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు అదే తేమ, పైగా మీకు గోడ చెమ్మ. నెలల తరబడి కట్టగట్టి ఉంచిన పాత దూది బొంత వాటికి గాదె. అలర్జీ తెచ్చేది పురుగు కంటే దాని పెంటిక. అది బరువైన రేణువు, దులిపినప్పుడు లేస్తుంది, అరగంటలో కిందికి దిగిపోతుంది. అందుకే గాలి శుభ్రం చేసే మిషను దీనికి పెద్దగా ఉపయోగపడదు. పురుగు ఉండేది గాలిలో కాదు, పాప ముక్కు ఆనించే తలగడలో.

కాబట్టి డబ్బు ముందు మంచం మీద పెట్టండి. బూరుగుదూది, పాత దూది తలగడ తీసేసి, ఉతకడానికి వీలైన పీచు తలగడ ఒకటి కొనండి. పరుపుకీ తలగడకీ ఆరు వైపులా మూసుకునే జిప్పు కవర్లు, నేత రంధ్రం 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపున్నవి వెయ్యాలి. పైన ఒక ముఖమే కప్పే కవరు వల్ల లాభం లేదు. రెగ్జిన్ కవరు పురుగుని ఆపుతుంది గానీ మన ఉక్కలో పిల్ల చెమటకి తడిసిపోతుంది. కవర్లు ఒక్కటే వేసి మిగతావి వదిలేస్తే ఉబ్బసంలో చెప్పుకోదగ్గ తేడా రాదని పరిశోధనల్లో పదేపదే తేలింది. కవరూ, ఉతుకూ, చెమ్మా, పొగా, మందూ అన్నీ కలిస్తేనే.

దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో. పైన మూత తీసి వేసే వాషింగ్ మిషన్లలో ఎక్కువవాటికి నీళ్లు కాచే హీటరు ఉండదు, చూసుకోండి. లేకపోతే చేత్తోనే: సగం బకెట్టు మరిగే నీళ్లు, సగం బకెట్టు కుళాయి నీళ్లు కలిపితే 60కి కాస్త అటూ ఇటూ వస్తుంది. దుప్పటి ముంచి, మూత పెట్టి అరగంట ఉంచి, తర్వాత మామూలుగా ఉతకండి. ఆ బకెట్టు దగ్గరికి పిల్లలు రాకుండా చూడండి. రంగు పోయేవాటిని చన్నీళ్లలో ఉతికినా అలర్జీ పదార్థం చాలావరకు నీళ్లలో పోతుంది, పురుగులు మాత్రం బతుకుతాయి. దూది బొమ్మలు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రీజరులో రెండు రోజులు ఉంచి, తీసి ఉతకాలి. ఫ్రీజరు చంపుతుంది, ఉతుకు శుభ్రం చేస్తుంది. ఒకటి చేసి రెండోది మానెయ్యకూడదు.

పరుపు డాబా మీద ఎండ వెయ్యడం మన పెద్దల అలవాటు, మంచి అలవాటు. ఏప్రిల్, మే ఎండలో ఒక్కో వైపు మూడు గంటలు. ఎండకి పురుగులు చస్తాయి గానీ వాటి పెంటిక అలాగే ఉంటుంది. అందుకని అక్కడే కర్రతో బాగా దులిపి, అప్పుడు కిందికి తేవాలి. దులిపేది పాప కాదు, పాప పక్కనా ఉండకూడదు.

ఊడవడం: పొడి చీపురు పాప బడికి వెళ్లాకే. ముందు తడిగుడ్డ, తర్వాత చీపురు. ఫ్యాను రెక్కల్ని పాత గలేబు లోపలికి తొడిగి లాగితే దుమ్ము గలేబులోనే పడుతుంది. మామూలు వాక్యూమ్ క్లీనరు సన్నటి దుమ్ముని వెనక నుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది, హెపా వడపోత (చాలా సన్నటి దుమ్ముని కూడా పట్టేది) ఉన్నదైతేనే వాడండి.

మీ గోడ రెండడుగుల చెమ్మ పైకప్పు నుంచి కారేది కాదు, నేల నుంచి ఎగబాకేది. పైన రంగు వేస్తే ఆరు నెలల్లో పొక్కులు లేస్తుంది. బయట గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా వాలు చేయించండి. చెమ్మ పట్టిన ప్లాస్టరింగు చెమ్మ గీతకి అడుగు పైదాకా చెక్కించి, నీరు పీల్చని పూతతో మళ్లీ చేయించాలి. అద్దె ఇల్లయి అంత చెయ్యలేకపోతే కనీసం మంచం, బట్టల బీరువా ఆ గోడకి అడుగున్నర దూరం జరపండి, మంచాన్ని వీలైతే వేరే గదికే మార్చండి. నల్ల బూజుని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టి, ఉత్త సున్నం కొట్టించండి. సున్నం క్షారం, బూజు అంత తేలిగ్గా పట్టదు. బ్లీచింగు వాడితే పాపని ఆ పూట ఇంట్లో ఉంచకండి, దాని ఘాటే ఆయాసం తెస్తుంది. బాత్రూములు కడిగే యాసిడ్‌తో బ్లీచింగు ఎన్నడూ కలవకూడదు, విషవాయువు పుడుతుంది. నీళ్ల కూలరు మాత్రం ఆ గదిలో వద్దే వద్దు, తేమని తెచ్చి పోస్తుంది. ఏసీ ఉంటే పొడి మోడ్‌లో పెట్టి, జల్లెడ రెండు వారాలకోసారి కడగండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని గదిలో పెట్టుకుంటే ఊహలతో పని ఉండదు.


పశువైద్యం టెక్కలి:

కుక్క గురించి నేను రాస్తాను.

వెంట్రుకలు పెద్దవా చిన్నవా అన్నది కాదు విషయం. అలర్జీ తెచ్చే ప్రొటీను కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉంటుంది. అలర్జీ రాని జాతి అని చెప్పి ఎక్కువ ధరకి కుక్కపిల్లల్ని అమ్ముతారు, ఆ జాతులున్న ఇళ్లలో కొలిచినా ఈ ప్రొటీను మిగతా ఇళ్లతో సమానంగానే దొరికింది. నాటు కుక్కని ఇచ్చేసి ఇంకో జాతిని తెస్తే ఒరిగేదేమీ లేదు.

ఈ రాత్రి నుంచే చెయ్యాల్సింది ఒకటే: పాప పడుకునే గదిలోకి కుక్క రాకూడదు. పగలు కూడా. తలుపు వేసే ఉంచాలి. పగలంతా పరుపు మీద దొర్లి రాత్రి బయట పడుకుంటే ఫలితం సున్నా. మంచం కింద దాని గుడ్డ తీసేసి, గది మొత్తం తడిగుడ్డ పెట్టి, దుప్పట్లన్నీ ఉతికి, అప్పుడు మొదలు పెట్టండి. కుక్కకి వరండాలో చోటు చెయ్యండి. పడకకి గోనెసంచి వద్దు, ఆ నార దుమ్మూ ఇబ్బందే. పాత నూలు దుప్పటి మడతలు పెట్టి వెయ్యండి, వారానికోసారి వేడినీళ్లలో పడెయ్యొచ్చు. మొదటి వారం పది రోజులు తలుపు దగ్గర మూలుగుతుంది, గోకుతుంది. జాలిపడి ఒక్క రాత్రి తెరిస్తే మూలిగితే తెరుస్తారని అది నేర్చుకుంటుంది. పాప స్కూలు చొక్కా ఒకటి దాని పడకలో వేస్తే ఆ వాసనకి త్వరగా సర్దుకుంటుంది.

స్నానం వారానికి రెండుసార్లు. స్నానం చేయించాక ప్రొటీను బాగా తగ్గుతుంది గానీ మూడు రోజుల్లో మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది, అందుకే వారానికోసారి చాలదు. మనుషుల సబ్బు, షాంపూ పెట్టకండి. కుక్క చర్మం పొడిబారి పొట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. కుక్కల షాంపూ నీళ్లలో పలచన చేసి, రుద్ది అయిదు నిమిషాలు ఉంచి, జిడ్డు పోయేదాకా కడిగి, బాగా ఆరబెట్టాలి. చర్మం పొడిబారినట్టు కనబడితే రెండో స్నానం బదులు తడి తువ్వాలుతో ఒళ్లంతా తుడవండి. దువ్వడం వీధి వాకిట్లో, అలర్జీ లేని పెద్దవాళ్లు. ఇవన్నీ పాప చేత చేయించొద్దు. ఆడుకోవద్దని అనక్కర్లేదు. ఆడాక చేతులూ మొహమూ కడుక్కుని, మంచం ఎక్కే ముందు బట్టలు మార్చుకోవాలి. మొహం నాకించుకోవడం మాత్రం మానిపించండి.

గోమార్లు, ఈగలు ఉంటే కుక్క గోక్కుని పొట్టు రాలుస్తుంది. ఇంట్లో పొడి మందు చల్లకండి, పాపకి ఆ పొడే ప్రమాదం. మాత్రల రూపంలోనో మెడ మీద చుక్కలుగానో వేసే మందులు పశువుల ఆసుపత్రిలో బరువు చూసి రాస్తారు. నట్టల మందు మూడు నెలలకోసారి, రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పనిసరి.

పంపెయ్యడం ఎప్పుడంటే: పరీక్షలో కుక్క పాజిటివ్ వచ్చి, రోజువారీ పంపు మూడు నెలలు సరిగ్గా వాడి, గదిలోకి రానివ్వకుండా ఇవన్నీ చేసి, అయినా రాత్రిళ్లు లేస్తుంటే. అప్పుడు వెనకాడకూడదు. పైన చెప్పినవన్నీ తగ్గించేవే గానీ తీసేసేవి కావు. పంపిన మర్నాటి నుంచే బాగుంటుందనీ ఆశించకండి. సోఫాల్లో, బట్టల్లో, గోడల మీద అది నెలల తరబడి ఉంటుంది. రెండు వారాలు గుర్లలో ఉంచి చూశాం, తేడా లేదు కాబట్టి కుక్క కారణం కాదు అనే లెక్క కూడా తప్పే.


కాశీబుగ్గ:

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మాకు పిల్లి. నాకే తుమ్ములు, రాత్రి ఛాతీ పట్టెయ్యడం. చుట్టూ జీడి కార్ఖానాలు. కుక్కకి చెప్పినవే పిల్లికీ పనికొస్తాయా?


పశువైద్యం టెక్కలి:

గది మూసి ఉంచడం, దుప్పట్లు, చేతులు కడగడం ఒకటే. తేడా ఏమిటంటే పిల్లి ప్రొటీను చాలా సన్నటి రేణువుల మీద ఎక్కి గంటల తరబడి గాలిలో తేలుతుంది. పిల్లి ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టగానే తుమ్ములొచ్చేది అందుకే. కాబట్టి హెపా మిషను ఇక్కడ కొంత పని చేస్తుంది. గది లెక్క కట్టుకుని కొనండి: 10 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు అయితే 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. గంటకి అయిదుసార్లు గాలి తిరగాలంటే శుభ్రమైన గాలి గంటకి 170 ఘనపు మీటర్లు ఇచ్చేది కావాలి. డబ్బా మీద ఆ అంకె ఉంటుంది. కిటికీలు తెరిచి నడిపితే కరెంటు బిల్లే మిగులుతుంది. అయానులు వదిలే మీట ఉంటే ఆపేసి ఉంచండి, కొన్నింటిలో ఓజోను పుడుతుంది.

మగపిల్లి అయితే ఆపరేషన్ చేయించండి, ఆ ప్రొటీను తయారీ తగ్గుతుంది. స్నానాల వల్ల ఉపయోగం కొద్ది రోజులే, పిల్లికి హింస. కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి ఎప్పుడూ వెయ్యకండి, ప్రాణం పోతుంది. పిల్లిని పంపినా ఇంట్లో దాని ప్రొటీను తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

జీడి తొక్క కాల్చే పొగ అలర్జీ కాదు, నేరుగా గొంతునీ ఊపిరి గొట్టాలనీ మండించేది. కార్ఖానా పొయ్యి వెలిగే వేళలు గమనించి ఆ వైపు కిటికీలు ఆ సమయానికి మూసెయ్యండి. మీకు ఛాతీ పట్టేస్తోందంటే ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ చేయించుకోండి. ముక్కు అలర్జీగా వదిలెయ్యొద్దు.


కోట జంక్షన్:

అందరికీ చాలా థాంక్సండి. మాత్ర అట్ట చూశాను, లెవోసెట్రిజిన్ ఉంది నిజమే. కాయిల్ గురించి ఎవరూ అనలేదు. మళ్లీ ఆయాసం ఎక్కువైతే ఇంట్లో ఏటి చెయ్యాలో కూడా చెప్పండి. తుఫాను రోజుల్లో కరెంటు పోతే భయంగా ఉంటుంది. నెబులైజర్ కొనుక్కోమంటారా?


నాగావళి గట్టు:

కాయిల్ ఈ పూటే ఆపండి. చైనా, మలేషియా కాయిళ్ల మీద 2003లో వచ్చిన పరిశోధనలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని తేలింది. మూసిన గదిలో, పిల్ల తల పక్కన, ప్రతి రాత్రీ! దోమతెర కట్టండి, అంచులు పరుపు కిందికి దోపాలి. వారానికోసారి తెర కూడా ఉతకాలి, దుమ్ము పడుతుంది. కిటికీలకి జాలీ. ప్లగ్గులో పెట్టే ద్రావకం వాడక తప్పకపోతే సాయంత్రం పాప లేనప్పుడు ఒక గంట పెట్టి తీసేసి, ఫ్యాను వేసి గాలి ఆడించాక పడుకోబెట్టండి. సాంబ్రాణి, అగరొత్తులు, కర్పూరం పొగ కూడా అంతే. దేవుడి దగ్గర నూనె దీపం చాలు. తాలింపులో మిరపకాయ వేగేటప్పుడు వంటింటి తలుపు వేసి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి. వచ్చే భోగికి మంట దగ్గరికి పాపని తీసుకెళ్లొద్దు, గాలి ఎటు వీస్తే దానికి ఎదురువైపు దూరంగా ఉంచండి.

ఆయాసం వచ్చినప్పుడు: డాక్టరు గారి చేత కాగితం మీద ప్లాన్ రాయించుకోండి, అదే మొదటి మాట. కాగితం లేని వేళ అయితే నిటారుగా కూర్చోబెట్టి, పడుకోబెట్టకుండా, సాల్‌బుటమాల్ 100 మైక్రోగ్రాముల పంపు స్పేసర్‌లో 4 పఫ్‌లు, ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి అయిదారు ఊపిరులు. 20 నిమిషాల్లో తేలికపడకపోతే మళ్లీ 4, బయల్దేరుతూనే. గంటలో మూడు విడతల వరకూ ఇవ్వొచ్చు, ఆసుపత్రికి దారిలో కూడా. తగ్గినా మూడు నాలుగు గంటల్లోపే మళ్లీ కావాల్సొస్తే ఆ రోజే చూపించాలి.

ఇవి కనబడితే 20 నిమిషాలు ఆగొద్దు, మందు కొడుతూనే 108కి ఫోను: వాక్యం పూర్తి చెయ్యలేక ఒక్కో మాటకి ఆగడం, పక్కటెముకల మధ్య, మెడ గుంటలో చర్మం లోపలికి లాక్కుపోవడం, పెదాలు నీలంగా మారడం, మగతగా తూలడం, రక్తంలో ఆక్సిజన్ చూడ్డానికి వేలికి పెట్టే మీటరులో 92 లోపు రావడం. మీటరు పెట్టేటప్పుడు గోళ్ల రంగు ఉండకూడదు, వేలు చల్లగా ఉంటే రుద్ది వేడి చేసి పెట్టాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి పిల్ల ఇంకా ఆయాసపడుతుంటే అది తగ్గడం కాదు, గాలే ఆడట్లేదని. ఆవిరి పట్టడం, ఛాతీకి కర్పూరం నూనె రాయడం లాంటివాటితో ఆ సమయం పోగొట్టుకోకండి. మరిగే గిన్నె ఒంటి మీద పడి కాలే ప్రమాదం వేరే.

నెబులైజర్ కొనక్కర్లేదు. స్పేసర్‌తో సరిగ్గా ఇచ్చిన సాల్‌బుటమాల్ దానితో సమానంగా పని చేస్తుంది, కరెంటు అడగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం వైపు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు మిషను అలంకారమే. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను కబురు రాగానే జిప్పు సంచిలో పెట్టుకోండి: సాల్‌బుటమాల్ పంపులు రెండు, బుడెసొనైడ్ నెలకి సరిపడా, కడిగి ఆరబెట్టిన స్పేసర్, ప్లాన్ కాగితం, పొడి నూలు తువ్వాలు, దోమతెర. కొవ్వొత్తులూ కిరసనాయిలు దీపాలూ కాకుండా చార్జింగు లైటు. తుఫాను వెలిశాక తడిసిన పరుపు మూడు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే ఆశ వదులుకోవాలి, లోపల బూజు పట్టేస్తుంది. గోడలు కడిగే రోజుల్లో పాపని పొడిగా ఉన్న చుట్టాలింటికి పంపండి, పంపు సంచితో సహా.

పంపు చాలా రోజులు వాడకుండా ఉంటే మొదటి రెండు పఫ్‌లు గాలిలోకి వదిలి చూసుకోవాలి. స్కూలు సంచిలో ఒక సాల్‌బుటమాల్, స్పేసర్ పెట్టి టీచరు గారికి ఎలా కొట్టాలో ఒకసారి చేసి చూపించండి. రెండు డబ్బాల గడువు తేదీలూ గోడ క్యాలెండరులో ఆ నెల పేజీ మీద రాసుకోండి.